ఓడింది మన చెయ్యా, నెట్‌వర్కా?



ఎండాకాలం సెలవుల్లో టెక్కెన్ 7 పోటీ పెడదాం, ఆన్‌లైన్‌లో సెలక్షన్ చేసి ఎనిమిది మందిని తీసుకుందాం అని గ్రూపులో పోస్ట్ వచ్చింది. పోటీ మంచిదే. ఆన్‌లైన్ సెలక్షన్ మాత్రం వద్దంటున్నాం. ఎందుకో చెప్తాం, ఓపికగా చదవండి.

మా హాస్టల్‌లో ఒక సీనియర్ అన్న పాత ల్యాప్‌టాప్, రెండు కంట్రోలర్లు ఉన్నాయి. పక్కపక్కన కూర్చుని ఆడితే మా రూములో ఒక తమ్ముడిని ఎవ్వరం ఓడించలేం. అదే తమ్ముడు సెలవుల్లో ల్యాప్‌టాప్ ఊరికి తీసుకుపోయి, సిగ్నల్ దొరికే చోట హాట్‌స్పాట్ పెట్టి ఆన్‌లైన్‌లో ఆడితే వరసగా ఓడిపోయాడు. "నాకు రాదేమో అన్నా" అన్నాడు. ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కినోళ్ళం మనం. ఈ మాట మన నోటికి తొందరగా వస్తది. అందుకే అసలు లెక్క తెలియాలి.

ఈ ఆట సెకనుకు 60 ఫ్రేములతో నడుస్తుంది. ఒక్కో ఫ్రేము దాదాపు 16.7 మిల్లీసెకన్లు. కాళ్ళ మీదికి వచ్చే ఒక తన్నుకు 20 ఫ్రేములు అనుకోండి. కంటితో చూసి బటన్ నొక్కడానికే మనిషికి 12 నుంచి 15 ఫ్రేములు పడతాయి. ఇంక మిగిలేది ఐదు నుంచి ఎనిమిది. నెట్ ఆలస్యం ఒక 100 మిల్లీసెకన్లు ఉందంటే ఆరు ఫ్రేములు పోయినట్టే. చెయ్యి సరిగ్గానే కదిలినా దెబ్బ తగులుతుంది.

"రోల్‌బ్యాక్ ఉన్న గేమ్ పెడితే సరిపోద్ది కదా" అంటారు కొందరు. రోల్‌బ్యాక్ అంటే అవతలివాళ్ళ బటన్ వచ్చేదాకా ఆగకుండా గేమ్ ఊహించి ముందుకు పోవడం, ఊహ తప్పితే వెనక్కి వెళ్ళి సరిచేసుకోవడం. మంచి పద్ధతే. కానీ సిగ్నల్ వస్తూ పోతూ ఉంటే ఆ సరిచేయడమే బొమ్మను ఇక్కడి నుంచి అక్కడికి ఎగరేస్తుంది. రోల్‌బ్యాక్ దూరాన్ని కప్పుతుంది గానీ లేని టవర్‌ను తేలేదు.

అలాగని ఓడిన ప్రతిసారీ ల్యాగ్ మీద తోసెయ్యొద్దు. మేమూ తోసినోళ్ళమే. పక్కన కూర్చుని ఓడాక నోరు మూసుకున్నాం. పక్కపక్కన ఆడితే సాకు ఉండదు, అన్యాయమూ ఉండదు. 2019లో ఎవో జపాన్, అమెరికాలో ఎవో రెండూ గెలిచిన అర్స్‌లాన్ యాష్ ది పాకిస్తాన్‌లోని లాహోర్. అక్కడోళ్ళు ఒకచోట చేరి ఎదురెదురుగా ఆడి ఎదిగినోళ్ళే.

అందుకే మా మాట ఇది. సెలక్షన్ కూడా భద్రాచలంలో, ఒకే గదిలో, అందరికీ ఒకే ల్యాప్‌టాప్ మీద పెడదాం. 60 ఫ్రేములు నిలకడగా వస్తున్నాయో లేదో ముందురోజే చూద్దాం. పెద్ద టీవీకి కలిపితే గేమ్ మోడ్ ఆన్ చేద్దాం, లేకుంటే టీవీ కూడా ఆలస్యం కలుపుద్ది. బస్సు ఛార్జీలు లేని తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు మనమే తలా కొంత వేసుకుందాం.

ఓడితే చేతిలో ఓడాలి. గెలిచినా చేత్తోనే గెలవాలి. మీరేమంటారో కింద రాయండి.

— మీ హాస్టల్ తమ్ముళ్ళం