బదిలీ ఆయన ఒక్కరికేనా?

బదిలీ కాగితం మీద ఒక్కరి పేరే ఉంటుంది. ఊరు మారేది మాత్రం ఇంటిల్లిపాదీ!

మావారు కేంద్ర ప్రభుత్వోద్యోగి. మూడేళ్ళ క్రితం రాజమండ్రి నుంచి అనంతపురం వేశారు. 1979 నాటి నిబంధనల ప్రకారం వెయ్యి కిలోమీటర్ల లోపు బదిలీ అయితే కొత్తచోట చేరడానికి పది రోజుల గడువిస్తారు. సామాన్ల రవాణాకూ డబ్బులొస్తాయి. బాగానే ఉంది. పదకొండో రోజున ఆయనకు కుర్చీ, బల్ల, పలకరించే తోటివాళ్ళు సిద్ధం. మరి ఇంటావిడకో? విప్పని అట్టపెట్టెలూ, ముక్కూ మొహం తెలియని వీధీను.

"మా ఆవిడ ఎక్కడికెళ్ళినా ఇట్టే సర్దుకుపోతుందండీ" అని మగవాళ్ళు గొప్పగా చెప్పుకుంటూంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. సర్దుకుపోవడం స్వభావం కాదు, పని. పాలెవరు పోస్తారు, కుళాయి ఏ పూట వస్తుంది, రాత్రివేళ పిల్లాడికి జ్వరమొస్తే ఏ డాక్టరు తలుపు తీస్తాడు... ఇవన్నీ ఎవరో ఒకరు తిరిగి, పదిమందినీ అడిగి తెలుసుకోవాలి కదా! గోదావరి ఒడ్డున పెరిగినదాన్ని. బిందెడు నీళ్ళను ఇంత లెక్కగా వాడొచ్చని వానలు తక్కువైన ఈ సీమకొచ్చాకే తెలిసింది. నేర్పింది పక్కింటావిడ, ఏ ఆఫీసూ కాదు.

తెలుగువాళ్ళ మధ్యకే వచ్చాం, భాషకేం ఇబ్బంది అనుకుంటాం. కొట్లో మరమరాలు అడిగితే "బొరుగులా అక్కా?" అన్నాడు. ఉల్లిపాయలు ఎర్రగడ్డలు, బొబ్బట్లు ఓళిగలు. మా చిన్నాడు మాటకి ముందు 'అండీ' అంటున్నాడని క్లాసులో పిల్లలు నవ్వితే వారం రోజులు బళ్ళో నోరు విప్పలేదు. ఇప్పుడు వాడికి ఉగ్గాని, బజ్జీ లేనిదే ఆదివారం గడవదనుకోండి! పిల్లలు తొందరగానే కలిసిపోతారు. కష్టమల్లా మా అత్తగారికి. రాజమండ్రిలో సాయంత్రమైతే నలుగురితో గుళ్ళో కూర్చునేవారు. ఇక్కడ ఏడాదిపాటు ఆవిడకు గోడమీద క్యాలెండరే తోడు. ఆవిడ గురించి ఎవరూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

ఇక నా ఉద్యోగం సంగతి. అక్కడ ఓ ప్రైవేటు స్కూల్లో తొమ్మిదేళ్ళు లెక్కలు చెప్పాను. ఇక్కడ మళ్ళీ కొత్త టీచరునే, జీతం మూడోవంతు తక్కువ. భార్యాభర్తలిద్దరూ ప్రభుత్వోద్యోగులైతే వీలైనంతవరకు ఒకేచోట వేయాలని కేంద్రం సూచనలున్నాయి. ప్రైవేటులో చేసే భార్య ఆ లెక్కలోకి రాదు. 'చిన్న ఉద్యోగమే కదా, ఎక్కడైనా దొరుకుతుంది' అంటారు బంధువులు. దొరుకుతుంది నిజమే, తొమ్మిదేళ్ళు దొరకవు.

మన దేశంలో ఆడవాళ్ళు ఊరు మారడానికి అన్నిటికన్నా పెద్ద కారణం పెళ్ళేనని 2011 జనాభా లెక్కలు చెబుతున్నాయి. పెళ్ళితో ఒకసారి వేళ్ళు పీకి నాటుకున్నవాళ్ళం, మళ్ళీ మళ్ళీ నాటుకోవడం మనకేం కష్టమని అందరి ధీమా! బదిలీలు వద్దనడం లేదు నేను. ఉద్యోగమన్నాక తప్పవు. కానీ ఇల్లు ఆయన ఒక్కరే వెళ్ళి చూసి అడ్వాన్సిచ్చి రావడమేమిటి? ఆ వంటింట్లో నిలబడేదెవరు? ఆ గడువులో పిల్లల స్కూలు, గ్యాస్ కనెక్షను, ఓటు మార్పించే ఫారం 8 ఆయన చూస్తే తప్పేముంది? పది రోజులూ జీతంతోనే కదా ఇస్తున్నారు!

వచ్చే ఏడాది మళ్ళీ కదలాల్సి ఉంటుందంటున్నారు. ఏ ఊరైనా సరే, ఇల్లు చూడ్డానికి టిక్కెట్లు మూడు తీయమని ఇప్పుడే చెప్పి ఉంచాను. మూడోది అత్తగారికి. దగ్గర్లో గుడి ఉందో లేదో ఆవిడే చూసుకుంటారు.