ఆంగన్‌లో ఒక సీతాఫల్ చెట్టు

అమెరికాలో ఉంటున్న మన రిష్తేదార్లు కొందరు పెరట్లో ‘పాపా’ పండు పెంచుతున్నామని షౌక్‌గా చెప్తుంటారు. అది బొప్పాయి కాదు, అక్కడి అడవుల్లో దానంతటదే పెరిగే చెట్టు. ఆ మొక్క మన దగ్గర దొరుకుతుందా అని నన్ను అడిగేవాళ్లకు నా జవాబు ఒకటే. దానికి గట్టి చలికాలం కావాలి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ఎండల్లో దాని మీద పైసలు పోయకండి. దాని ఖాందాన్ చెట్టే మన గుట్టల మీద ఉంది. అదే సీతాఫల్.

నిజానికి సీతాఫల్ కూడా ఈ జమీన్‌లో పుట్టింది కాదు. దాని అసలు వతన్ అమెరికా ఖండమే. పోర్చుగీసు ఓడల్లో ఇటు వచ్చిందంటారు. ఇప్పుడు దాని పేరులో సీతమ్మ ఉంది, ఉర్దూ కితాబుల్లో షరీఫా అయింది. ‘నువ్వు ఎక్కడి దానివి’ అని పాలమూరు గుట్ట దాన్ని అడగలేదు. పైగా బాలానగర్ ఊరి పేరే ఒక రకానికి పెట్టుకున్నాం.

నా ఫికర్ వేరే. గుట్టలు కంకరకూ ప్లాట్లకూ పోతున్నాయి. గుట్ట పోతే దసరా నుంచి దీపావళి దాకా గంపలెత్తుకుని బాజార్‌కు వచ్చే ఆడవాళ్ల రోజీ పోతుంది. గరీబ్ ఇంటి బచ్చాలకు ముఫ్త్‌గా దొరికే పండు కొనుక్కునే పండవుతుంది. ఇంటి చెట్టు గుట్టకు బదులు కాదు, గుట్టల కోసం అడగాల్సింది అడగాల్సిందే. కానీ మన ఆంగన్‌లో ఒక చెట్టు నాటడానికి ఎవరి ఇజాజత్ కావాలి?

‘జాగా లేదు, నీళ్లు లేవు’ అంటారు. ఇది చిన్న చెట్టు, గోడ పక్కన మూల చాలు. రాళ్ల నేలలోనూ బతుకుతుంది, ఎండాకాలం ఆకు రాల్చి నీళ్లు ఆదా చేసుకుంటుంది. మేకలు కూడా దీని ఆకు ముట్టవు. పండు తిన్నాక గింజలు కడిగి దాచి, వానలు మొదలవగానే ఒక రాత్రి నానబెట్టి నాటండి. మొలకకు నెల దాకా పట్టొచ్చు, సబర్ చేయండి. మూడు నాలుగేళ్లకు కాపు వస్తుంది. అంటు మొక్కయితే ఇంకా ముందే.

పూత కొత్త చిగుళ్ల మీదే ఎక్కువ వస్తుంది, అందుకే ఎండలు ముదరకముందే కొమ్మలు కొంచెం కత్తిరించాలి. ఒక్కో పువ్వు ముందు ఆడగా, తర్వాత మగగా మారుతుంది. కాబట్టి పూసినంత కాయదు. పొద్దున్నే బాగా విచ్చుకున్న పువ్వు పుప్పొడిని కుంచెతో తీసి, సగం విచ్చుకున్న పువ్వుకు అంటిస్తే కాపు పెరుగుతుంది. కాయ కళ్ల మధ్య సందులు విడి తెల్లబడితే కోసి, బియ్యంలో పెట్టండి. మూడు నాలుగు రోజుల్లో మెత్తబడుతుంది. ఒక్క ఎహతియాత్: పేల కోసం గింజలు నూరి తలకు పెట్టకండి. కంట్లో పడితే చాలా నుఖ్సాన్.

పండిన సీతాఫల్ నిలవ ఉండదు. చెట్టు కాసిందంటే పొరుగింటికి పంచాల్సిందే, ఆ ఇంటి మజహబ్ ఏదైనా సరే. చెట్టు నాటితే దాని పండు మనిషి తిన్నా, పిట్ట తిన్నా సదఖా అని మన పెద్దలు నేర్పలేదా? ఈ మౌసమ్‌లో గింజలు ఊసి పారేయకండి. పది దాచండి, రెండు మీ ఆంగన్‌లో, మిగిలినవి మొహల్లాలో.