అందరూ మస్టాంగ్ అంటే నేను కమారో అంటాను

మన హాస్టల్లో అమెరికన్ మజిల్ కార్ల గొడవ మొదలైతే రెండు నిమిషాల్లో హార్స్‌పవర్ దగ్గరికి చేరుతుంది. ఒకడు మస్టాంగ్ జీటీ 460 అంటాడు. ఇంకొకడు ఛాలెంజర్ హెల్‌క్యాట్ 707 అంటాడు. అక్కడితో వాదన అయిపోయినట్టే. కమారో ఎస్ఎస్, 455 అన్నవాణ్ణి ఎవరూ పట్టించుకోరు. నా ఓటు మాత్రం దానికే. మెకానికల్ వాళ్లు కాస్త ఓపిగ్గా వినండి. సీఎస్ఈ వాళ్లు మధ్యలో వదిలేసినా ఏమనుకోను.

ముందు కొంచెం చరిత్ర. 1964 ఏప్రిల్‌లో న్యూయార్క్ వరల్డ్ ఫెయిర్‌లో ఫోర్డ్ మస్టాంగ్‌ని జనం ముందు పెట్టింది. లోపల చాలావరకు మామూలు ఫాల్కన్ కారు సామానే. పైన పొడవాటి బానెట్, పొట్టి వెనక భాగం, అందుబాటులో ధర. జనం ఎగబడ్డారు. జనరల్ మోటార్స్ తేరుకుని 1966లో షెవర్లే కమారో తెచ్చింది. క్రైస్లర్ ఇంకా ఆలస్యంగా, 1970 మోడల్‌గా డాడ్జ్ ఛాలెంజర్‌ని దింపింది. నిజానికి వీటిని అక్కడ పోనీ కార్లు అనాలి. మజిల్ కారంటే 1964 పాంటియాక్ జీటీఓ లాగా మధ్యస్థ సైజు బండిలో పెద్ద ఇంజిన్ కుక్కినది. కానీ వాడుకలో అన్నీ కలిసిపోయాయి, మనమూ కలిపేద్దాం.

నాకు నచ్చే ముచ్చట ట్రాన్స్-యామ్ రేసులది. అందులో ఇంజిన్ 5 లీటర్లు దాటకూడదని రూలు. షెవర్లే వాళ్ల దగ్గర సరిగ్గా ఆ సైజు ఇంజిన్ లేదు. 327 క్యూబిక్ అంగుళాల బ్లాకులో 283 ఇంజిన్ క్రాంక్‌షాఫ్ట్ పెట్టారు. స్ట్రోక్ తగ్గి 302 క్యూబిక్ అంగుళాలు వచ్చింది, రూలు లోపలే. అదే కమారో జెడ్/28. ఆ కారు 1968లో, 1969లో ఛాంపియన్‌షిప్ కొట్టుకుపోతే, ఫోర్డ్ బాస్ 302 మస్టాంగ్‌తో 1970లో లాక్కుంది. ఉన్న సామానుతో రూలు అంచు దాకా వెళ్లడం! మన ల్యాబ్ మినీ ప్రాజెక్టులకి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలీదు.

ఇప్పుడు ఈ కాలం కార్లు. మస్టాంగ్ 5 లీటర్ల ఇంజిన్లో 4 క్యామ్‌షాఫ్టులు, 32 వాల్వులు. కమారో ఎస్ఎస్ 6.2 లీటర్ల ఇంజిన్లో ఒక్కటే క్యామ్‌షాఫ్ట్, అదీ బ్లాక్ మధ్యలో, పుష్‌రాడ్లతో 16 వాల్వుల్ని తోస్తుంది. లీటరుకి లెక్కేస్తే మస్టాంగ్‌కి 92, కమారోకి 73. "చూశావా, పాత టెక్నాలజీ" అంటారు మనవాళ్లు. కానీ బానెట్ కింద చోటు తీసుకునేది లీటర్లు కాదు, ఇంజిన్ బయటి కొలతలు. సిలిండర్ల నెత్తిన క్యామ్‌షాఫ్టులు లేవు కాబట్టి 6.2 ఇంజిన్ ఆ 5.0 కంటే బయటికి చిన్నగా ఉంటుంది, కిందకి కూర్చుంటుంది. దానికి తోడు 2016 మోడల్ నుంచి కమారో నిలబడింది క్యాడిలాక్ ఏటీఎస్ వాడిన ఆల్ఫా ప్లాట్‌ఫాం మీద. మలుపులో బండి ఎలా తిరుగుతుందో అక్కడే తేలిపోతుంది. ఛాలెంజర్ సంగతి వేరు. 392 ఇంజిన్ వేస్తే సుమారు 1,900 కిలోలు. తిన్నగా పోవడంలో దానికి ఢోకా లేదు.

ఇదంతా నాకెందుకంటే, మా పెద్దనాన్న కొడుకు డల్లాస్‌లో ఉంటాడు. ఎమ్మెస్ లోను మొన్న సంక్రాంతికి తీరింది. నెల జీతం మొదటిసారి పూర్తిగా తన చేతిలో మిగులుతోంది. సెకండ్ హ్యాండ్‌లో ఈ మూడింట్లో ఒకటి కొంటానని ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు, ఇంట్లో రచ్చ. "రెండు తలుపుల బండికి అంత డబ్బా?" అని పెద్దనాన్న. కొనేదేదో మస్టాంగ్ కొనరా అని మిగతావాళ్లు. వాళ్లకి తెలిసిన పేరు అదొక్కటే. 2016లో మన దేశంలోకి 65 లక్షల ధరతో అధికారికంగా వచ్చింది కూడా ఆ ఒక్కటే కదా.

ఛాలెంజర్‌కి ఓటేసిన బాబాయ్ లాజిక్ కాస్త గట్టిది. మూడింట్లో వెనక సీటు మనుషులు కూర్చునేలా ఉన్నది దానికే, డిక్కీ కూడా పెద్దది. ఎండాకాలంలో పెద్దనాన్న, పెద్దమ్మ వెళ్తే కూర్చోవాలి కదా అని. నేను ఒప్పుకోను. వాళ్లుండేది ఒక్క నెల, ఆ నెలకి ఒక వ్యాన్ అద్దెకి తీసుకుంటే సరి. వెనక సీటే ముఖ్యమైతే క్యామ్రీ కొనుక్కోవాలి, అది తెలివైన పని కూడా. లోను తీర్చిన డబ్బుతో తెలివితక్కువ బండే కొంటానని తేల్చుకున్నాక, సగం తెలివి, సగం సరదా అంటే రెండూ దక్కవు. పూర్తిగా డ్రైవర్ కోసం చేసినదే తీసుకోవాలి.

కమారో లోపాలు నేనేం దాచను. కిటికీలు ఎంత సన్నగా ఉంటాయంటే బంకర్లోంచి బయటికి చూస్తున్నట్టే. డిక్కీ మూత చిన్నది, పెద్ద సూట్‌కేసుతో కుస్తీ పట్టాలి. మంచి ఛాసిస్ చేసి, జనం షోరూంలో మొదట చూసే కిటికీని పాడుచేశారు. నాకైతే దాని అమ్మకాల్ని దెబ్బకొట్టింది ఇదే అనిపిస్తుంది. 2023 ఆఖర్లో ఛాలెంజర్, 2024 మొదట్లోకల్లా కమారో ఉత్పత్తి ఆగిపోయాయి. వీ8తో కొత్తగా దొరికేది మస్టాంగ్ ఒక్కటే. నాకు మస్టాంగ్ మీద కోపం లేదు. కానీ జెడ్/28 లేకపోతే బాస్ 302 ఎక్కడిది? ఎదుట ఎవరూ లేని ఫోర్డ్ ఇకపై రేట్లు పెంచకుండా, పని తగ్గించకుండా ఉంటుందని నాకు నమ్మకం లేదు.

ఆగిపోయిన బండికి పార్టులెక్కడివి అని అన్నయ్యే అడిగాడు. న్యాయమైన ప్రశ్న. ఎస్ఎస్‌లోని ఎల్‌టీ1 ఇంజిన్ సీ7 కార్వెట్‌లో ఉన్నదే, దాని దగ్గరి చుట్టం 6.2 ఇంజిన్ షెవర్లే పికప్ ట్రక్కుల్లో ఉంది. టెక్సాస్‌లో పికప్‌లకేం కరువు? ఇంజిన్ గురించి నాకు బెంగ లేదు. డోర్లు, లైట్లు, బంపర్ల సంగతే ముందు కనుక్కోమన్నాను. ఇంకోటి, కొనేముందు అరగంట రద్దీ రోడ్డు మీద నడిపి, లేన్ మారి చూడమన్నాను. ఆ కిటికీతో సర్దుకోగలడో లేదో అతనికే తెలియాలి.