ఏడు ఓట్లతో ఓడితే ఏం చేయాలె?

మునిసిపల్ ఫలితాలు వచ్చిన మూడో రోజు పొద్దున్నే భివండి నుంచి ఒక చెల్లెలు ఫోన్ చేసింది. మన పత్రిక చదివే ఇల్లే. ఆమె భర్త నగర్‌సేవక్‌గా నిలబడి ఏడు ఓట్లతో ఓడిపోయిండు. "అన్నా, మళ్ల లెక్కపెట్టియ్యమని కోర్టుకు పోదమంటుండు మా ఆయన. వకీలు ఖర్చుకు నా పుస్తెలగొలుసు కుదువ పెడ్తనంటుండు. ఇయ్యాల్నా, వద్దా?" అని అడిగింది.

వేల ఓట్లతో ఓడిన మనిషి రెండు రోజులు పడుకొని లేస్తాడు. ఏడు ఓట్లతో ఓడినవాడికి నిద్ర పట్టదు. ఎవరు మోసం చేశారని వెతుకుతుంటాడు. ఆ బాధ నాకు తెలుసు.

నేను మిల్లులో ఉన్న రోజుల్లో మా వాడ నుంచి నిలబడ్డ దోస్తుకు కౌంటింగ్ ఏజెంటుగా కూర్చున్న. అప్పుడు కాగితం ఓట్లు. పదకొండు ఓట్లతో పోయింది. మేమందరం లేచి అరిచినం. ఒకరిద్దరు కుర్చీలు కూడా తన్నిన్రు. కాని మళ్లీ లెక్కపెట్టమని రాసి ఇచ్చినోడు ఒక్కడూ లేడు. మేం అరుస్తుండగానే అధికారి సంతకం పెట్టి ఫలితం చదివేశాడు. ఆ తర్వాత మాకు వకీలు దొరికేసరికి పన్నెండు రోజులైంది. "గడువు పది రోజులే. ఇప్పుడొచ్చి ఏం లాభం?" అన్నడాయన. మాకు అన్యాయం జరిగిందో లేదో ఇప్పటికీ తెల్వదు. తెలుసుకునే దారి మేమే మూసుకున్నం.

అందుకే ఈ నెల ఈ ముచ్చట రాస్తున్న. మన వాడల్లో ఎవరో ఒకరు ఏజెంట్లుగా కూర్చుంటనే ఉంటరు. వాళ్లకు పనికొస్తది.

మొదటి మాట. తేడా తక్కువ ఉన్నదన్న ఒక్క కారణంతో కోర్టు ఓట్లు మళ్లీ లెక్కపెట్టించదు. ఓటు రహస్యం. అనుమానం వచ్చిందని ఎవరు పడితే వాళ్లు డబ్బాలు తెరిపిస్తామంటే ఒప్పుకోదు. ఏ బూత్‌లో, ఏ లెక్కలో, ఎన్ని ఓట్ల తప్పు జరిగిందో రాసి చూపించాలె. 2024 లోక్‌సభ ఎన్నికల్లో ముంబై వాయవ్య స్థానంలో తేడా 48 ఓట్లే. గెలిచింది రవీంద్ర వాయ్‌కర్, ఓడింది అమోల్ కీర్తికర్. కీర్తికర్ బొంబాయి హైకోర్టుకు పోయారు. అదే ఏడాది డిసెంబర్‌లో కోర్టు ఆ పిటిషన్‌ను కొట్టేసింది.

ఒక్క ఓటు కూడా తేడా లేకపోతే? అదీ జరిగింది. 2017 ముంబై మునిసిపల్ ఎన్నికల్లో గిర్‌గావ్ వైపు 220వ వార్డులో శివసేన అభ్యర్థి సురేంద్ర బాగల్కర్‌కు 5,946 ఓట్లు, బీజేపీ అభ్యర్థి అతుల్ షాకు కూడా 5,946 ఓట్లు. చివరికి చీటీలు వేశారు. అతుల్ షా గెలిచారు. అది చట్టంలో ఉన్న పద్ధతే. చీటీలో పేరు వచ్చినవాడికి ఒక ఓటు ఎక్కువ వచ్చినట్టు లెక్క.

ఇప్పుడు మెషీన్ల సంగతి. మెషీన్‌లో మళ్లీ లెక్క అంటే మళ్లీ బటన్ నొక్కి అంకె చూడటమే. మరి తప్పు ఎక్కడ జరుగుతుంది? ఆ అంకెను మనిషి కాగితం మీద రాసేటప్పుడు, కూడేటప్పుడు, ఒకరి ఓట్లు ఇంకొకరి వరుసలో వేసేటప్పుడు. మహారాష్ట్ర స్థానిక ఎన్నికల్లో చీటీ చూపించే వీవీప్యాట్ కూడా పెట్టలేదు. కాబట్టి మన ఏజెంటు దగ్గరున్న కాగితమే మనకు సాక్షి.

దీనికి పెద్ద ఉదాహరణ హర్యానాలో పానిపట్ జిల్లా బువానా లాఖూ అనే ఊరు. 2022 నవంబర్ 2న అక్కడ సర్పంచ్ ఎన్నిక జరిగింది. కుల్‌దీప్ సింగ్ గెలిచినట్టు ప్రకటించారు. ఓడిన మోహిత్ కుమార్ 69వ నంబరు బూత్ లెక్క మీద ఎన్నికల ట్రిబ్యునల్‌కు పోయాడు. "అంతటా మోసం జరిగింది" అని గాలిలో మాట కాదు, బూత్ నంబరుతో సహా చూపించాడు. 2025 ఏప్రిల్ 22న ట్రిబ్యునల్ ఆ బూత్ ఓట్లు మళ్లీ లెక్కపెట్టమన్నది. జూలై 1న హైకోర్టు ఆ ఉత్తర్వును రద్దు చేసింది. మోహిత్ సుప్రీంకోర్టుకు పోయాడు. జూలై 31న సుప్రీంకోర్టు, 65 నుంచి 70 దాకా ఆరు బూత్‌ల మెషీన్లనూ తమ దగ్గరికే తెమ్మన్నది. ఆగస్టు 6న కోర్టు రిజిస్ట్రార్ ముందు, వీడియో తీస్తూ లెక్కపెట్టారు. మొత్తం 3,767 ఓట్లలో మోహిత్‌కు 1,051, కుల్‌దీప్‌కు 1,000 వచ్చాయి. ఓడినోడనుకున్నోడు 51 ఓట్లతో గెలిచినోడే! ఆగస్టు 11న, రెండు రోజుల్లో మోహిత్‌ను సర్పంచ్‌గా ప్రకటించమని కోర్టు ఆదేశించింది.

న్యాయం దొరికింది. కాని సర్పంచ్ పదవి ఐదేళ్లు. అందులో రెండేళ్ల తొమ్మిది నెలలు అప్పటికే పోయినయి. ఆ నెలలను ఏ కోర్టూ తిరిగి ఇయ్యలేదు.

సాక్ష్యం కళ్లముందే ఉంటే పని తొందరగా కూడా అయితది. 2024 జనవరి 30న చండీగఢ్ మేయర్ ఎన్నికలో 8 ఓట్లు చెల్లవని పక్కనపెట్టి, 16కు 12తో ఫలితం చెప్పారు. ఎన్నిక నడిపిన అధికారి ఆ ఓటు కాగితాల మీద గీతలు పెట్టడం కెమెరాలో పడింది. ఫిబ్రవరి 20న సుప్రీంకోర్టు ఆ 8 ఓట్లు చెల్లుతాయన్నది. 12 ఓట్లాయన 20 ఓట్లతో మేయర్ అయ్యాడు. మూడు వారాల్లో తేలిపోయింది.

ఇక మన ఏజెంట్లు చేయాల్సిన పని చెప్తా.

పోలింగ్ అయిపోగానే, ఆ బూత్‌లో ఎన్ని ఓట్లు పడ్డాయో రాసి అధికారి సంతకం పెట్టిన కాగితం ఉంటుంది. దాని కాపీ అడిగి తీసుకోండి. అన్ని బూత్‌ల కాపీలు ఒకే సంచిలో, ఒకే మనిషి దగ్గర ఉండాలె. కౌంటింగ్ రోజు ప్రతి మెషీన్ నంబరు, అందులో కనిపించిన అంకె మీ నోటుబుక్కులో రాసుకోండి. కాగితంలో 640 ఓట్లుండి మెషీన్‌లో 652 కనిపిస్తే అక్కడే ఆపమనండి. అన్నీ అయిపోయినంక అరిస్తే ఎవరూ వినరు.

మళ్లీ లెక్క కావాలంటే ఫలితం ప్రకటించక ముందే, కారణం రాసి సంతకం పెట్టి ఇవ్వాలె. ప్రకటించినంక అధికారి చేతిలో ఏమీ ఉండదు. తరువాత కోర్టే దిక్కు.

ఓటు వెయ్యపోతే "నీ ఓటు ఎవరో వేసేసిన్రు" అంటే అక్కలు, అమ్మలు సిగ్గుపడి ఇంటికొస్తరు. రావద్దు. నేనే అసలు మనిషినని రుజువు చూపించి, టెండర్ ఓటు అడగాలె. అది కాగితం మీద వేయించి వేరే కవర్లో పెడతారు. ఆ రోజు లెక్కలో కలపరు. రేపు కోర్టులో కేసు నడిస్తే దొంగ ఓటు పడిందనడానికి అదే ఆధారం.

గడువు మరిచిపోకండి. మహారాష్ట్రలో మునిసిపల్ కార్పొరేషన్ ఎన్నికకు 10 రోజులు, గ్రామపంచాయతీకి 15 రోజులు. ముంబైలో అయితే స్మాల్ కాజెస్ కోర్టు, మిగతా చాలా ఊర్లలో సివిల్ జడ్జి ముందు పిటిషన్ వెయ్యాలె. నేరుగా హైకోర్టుకు పోతమంటే కుదరదు. సూరత్‌లో, గంజాంలో, హోసూరులో ఉన్న మనవాళ్లు అక్కడి చట్టం ప్రకారం గడువెంతో ఎన్నికలకు ముందే వకీలును అడిగి పెట్టుకోండి.

ఇక భివండి చెల్లెలి సంగతి. "గొలుసు ఇయ్యకముందు కాగితాలు తియ్యి. బూత్ కాపీలు, ఏజెంట్ల నోటుబుక్కులు పక్కపక్కన పెట్టుకొని కలపండి. ఎక్కడన్న తేడా ఉంటే ఇయ్యాల్నే వకీలు దగ్గరికి పోండి, గొలుసు సంగతి అప్పుడు చూద్దాం. తేడా లేకపోతే కుదువ పెట్టొద్దు" అన్న. ఆ రాత్రి ఇంటిల్లిపాది కూర్చొని కలిపిన్రట. ప్రతి అంకె సరిపోయింది. వాళ్లు ఓడింది నిజంగానే ఏడు ఓట్లతో.

తెల్లారి మళ్లీ ఫోన్ చేసింది. "అన్నా, ఒక్క మాట చెప్పనా? మా మరిదీ, ఇద్దరు కొడుకులూ రాత్రి పాళి చేసొచ్చి పండుకున్నరు. లేపబుద్ధి కాలే. ముగ్గురూ ఓటే వెయ్యలే. మా గల్లీల అసుంటోళ్లు ఇంకెంతమందో!"

నేనేం అనలేదు. ఏమంటం? గొలుసు ఆమె మెడలోనే ఉంది. గెలిచినాయన కూడా మనవాడే, పక్క గల్లీలోనే ఉంటడు. మూడు రోజుల్నుంచి రెండు ఇండ్ల మధ్య మాటల్లేవట. "నల్లా నీళ్ల అర్జీ ఇయ్యాల్నంటే రేపు ఆయన ఇంటికే పోవాలె కద. మీ ఆయన్నే ముందల పొమ్మను" అని చెప్పి ఫోన్ పెట్టేసిన.