అబ్బికీ వయసొచ్చింది

మా వీధిలో తెల్లవారడమంటే అబ్బి బిందె చప్పుడే. కర్నూలు ఎండల్లో కొళాయి ఏ వేళ వస్తుందో ఎవరికీ తెలియదు గాని, అబ్బికి తెలుస్తుంది. ముప్పై ఏళ్ళుగా వాళ్ళమ్మకూ, మాకూ నీళ్ళు తెచ్చి పెడుతున్నాడు. పుట్టుకతోనే డౌన్ సిండ్రోమ్. యాభై నిండినా వీధికంతటికీ ఇంకా "అబ్బి"యే.

మొన్న వేసవిలో బిందె ముట్టడం మానేశాడు. మెట్టు దిగమంటే గోడ పట్టుకుని నిలబడిపోయేవాడు. పిలిస్తే పలకడు.

"మొండితనం ఎక్కువైంది అయివారూ, చిన్నపిల్లోని మాదిరి!" అంది వాళ్ళమ్మ. ఆమెకు ఎనభై దగ్గర. నేనూ తలూపాను.

మా ఆవిడ ఊపలేదు. "మామకు మెట్టు కనపడకపోతే కంటి డాక్టరు దగ్గరికి పరుగెత్తారే! వీనిదైతే మొండితనమా?" అంది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ "రండి పెద్దాయనా" అంది. ఎవరినో అనుకుని అబ్బి వెనక్కి తిరిగి చూశాడు. నిజం చెప్పొద్దూ, మేమూ చూశాం.

రెండు కళ్ళలోనూ శుక్లాలు. చెవుల్లో గట్టిపడిన గులిమి. థైరాయిడ్ తక్కువ. మొండితనం మాత్రం ఎక్కడా దొరకలేదు.

21వ క్రోమోజోము రెండుకు బదులు మూడుండడమే దీనికి కారణమని 1959లో ఫ్రాన్సులో లెజున్ బృందం ప్రకటించింది. ఇలాంటివారికి ముసలితనం ముందే వస్తుంది. నలభై దాటితే మతిమరుపు జబ్బు భయం కూడా ఉంది. అమెరికాలో 1983లో చనిపోయిన ఇలాంటివారిలో సగం మంది పాతికేళ్ళ లోపువారే. 1997 నాటికి ఆ హద్దు 49కి పెరిగింది. వాళ్ళు ముసలితనం దాకా వస్తున్నారు, మనమే గమనించడం లేదు. నొప్పి ఎక్కడో చెప్పలేనివారి అలవాటు మారితే, అదే వారు చెప్పే మాట అనుకోవాలి. ఏటేటా కళ్ళు, చెవులు, థైరాయిడ్ చూపించాలి.

ఆపరేషనయింది. అబ్బి మళ్ళీ బిందె ఎత్తాడు. వాళ్ళమ్మ మాత్రం మా అరుగు మీద కూర్చుని, "నేను పోతే వీనికెవరు దిక్కు అయివారూ?" అంది.

కడపలో ఉన్న కూతురు "నేనున్నా కదమ్మా" అంటూనే ఉంది. కాని మాట వేరు, కాగితం వేరు. 1999 నాటి జాతీయ ట్రస్టు చట్టం ప్రకారం, పద్ధెనిమిదేళ్ళు దాటిన ఇలాంటివారికి సంరక్షకుణ్ణి నియమించమని తల్లిదండ్రులో, బంధువులో జిల్లాలోని కమిటీకి అర్జీ పెట్టుకోవచ్చు. అందులో కలెక్టరు స్థాయి అధికారి ఉంటారు. ఈసారి నేను తలూపి ఊరుకోలేదు. అర్జీ రాసిపెట్టాను.

కాగితం ఒక్కటే చాలదు, ఇల్లూ అలవాటు కావాలి. అమ్మ ఉండగానే అలవాటు కావాలి. అందుకే పది రోజులకని అబ్బిని కడప తీసుకుపోయారు. అక్కడి కొళాయి వేళ అప్పుడే పట్టేశాడట.

మా వీధి మాత్రం కాస్త ఆలస్యంగా తెల్లవారుతోంది.