మాలో మాట: విరిగిన బ్రేకు లివరు

ఈ నెల కందిపొడిని గురించి వ్రాస్తామని చదువరులకు మాట యిచ్చి వున్నాము. మోటారు సైకి లొకటి అడ్డం వచ్చింది. కందిపొడికి తొందర లేదు గనుక మన్నించవలెను.

చింతామణిలో వున్న మా మేనల్లుడు రెండేండ్ల క్రిందట అప్పు చేసి ఆ బండి కొన్నాడు. వాయిదాలు వాళ్ళ నాయన టొమాటో డబ్బులో నుంచే పోతున్నవి. చిక్కబళ్ళాపురం వారికి చెప్పనక్కరలేదు. ఆదివారం తెల్లవారక ముందే నంది కొండ క్రింద బండ్ల మోత మొదలవుతుంది. 44వ నంబరు జాతీయ రహదారి మీద బాగేపల్లి దాకా అది ఆగదు. ముందర లారీ, ప్రక్కన మేకల మంద, నడుమ మన పిల్లలు! మా వాడూ ఆ గుంపులో వాడే. "రోడ్డు మీద వద్దంటివి గదా మామా, ట్రాక్ మీదికి పోతా" అని వాడు వచ్చి అడిగితే, వాళ్ళ నాయనకు నచ్చజెప్పినది మేమే. ఈ సంగతి ముందుగానే ఒప్పుకోవడం మంచిది.

ట్రాక్ డే అంటే పందెం కాదు. రుసుము కట్టి, తోలు దుస్తులూ హెల్మెట్టూ వేసుకొని, విడతలు విడతలుగా ఆ చుట్టుబాట మీద తిరగడమే. బహుమానం వుండదు, ఎదురు బండి వుండదు. మద్రాసుకు యివతల ఇరుంగాట్టుకోట్టైలో 1990లో తెరిచిన బాట వున్నది. ఒక చుట్టు 3.7 కిలోమీటర్లు. అంతకు మునుపు పందేలు షోళవరంలో, రెండవ ప్రపంచ యుద్ధం నాటి విమానాల మైదానంలో జరిగేవి. మేమూ ఒకప్పుడు మైసూరు జావా తోలిన వాళ్ళమే. ఆ కర్మాగారం 1996లో మూతబడింది, మా మోకాళ్ళు అంతకు ముందే. కనుక వెంట పోయినది చూడడానికి మాత్రమే.

బయలుదేరే ముందు బాగేపల్లి మేస్త్రీ బండి చూసి రెండు మాటలు చెప్పినాడు. బ్రేకు ఆయిలు మార్చవలెను. లివర్లు ఒక జత అదనంగా పెట్టుకోవలెను. మా వాడు ఆయిలు డబ్బా మూత తీసి చూసి, "తేటగానే వుంది కదన్నా" అన్నాడు. మేమూ తల వూపినాము. ఈ ఆయిలుకు గాలిలోని తేమను పీల్చుకొనే గుణం వున్నదట. డాట్ 4 రకం కొత్తది 230 డిగ్రీల దాకా మరగదు; తేమ పట్టినదయితే 155 డిగ్రీలకే మరగవచ్చును. ఆ తేడా కంటికి కనబడదు. పాలు, మజ్జిగ కాదు గదా, చూడగానే తెలియడానికి.

టెంపోలో బండిని కట్టిన తాడు ముళబాగిలు దాటేసరికి వదులయినది. బండి పక్కకు ఒరిగి, పెట్రోలు టాంకుకు సొట్ట. అక్కడికి చేరి బూట్లు తొడిగితే, స్నేహితుని అటక మీద యేండ్ల తరబడి వున్న బూట్లు గనుక, కుడి అడుగు అప్పడంలా పొడి పొడిగా రాలిపోయింది. వేరొకరి బూట్లు అరువు తెచ్చుకొన్నాడు. అద్దాలు విప్పి, దీపాలకు టేపు అంటించే పని మాత్రం మేము చేసినాము. గాజుపెంకులు బాట మీద పడకూడదని అక్కడి నిబంధన.

రెండు విడతలు బాగానే తిరిగినాడు. మూడవ విడతలో, తిన్నని బాట చివర, బ్రేకు లివరు మెత్తబడి పిడిదాకా వచ్చేసిందట. ఆయిలు మరిగి ఆవిరయితే జరిగేది అదే. ఆవిరిని ఎంత నొక్కినా బ్రేకుకు బలం రాదు. బండి మలుపు వదిలి మట్టిలోకి పోయి, కుడి పక్కకు పడింది. మాకు కనబడినది పసుపు జెండా, దుమ్మూ మాత్రమే. ఆ దుమ్ములో నుంచి వాడు లేచి నిలబడే దాకా, వాళ్ళ అమ్మకు ఏమని ఫోను చేయడం అన్న ఆలోచన తప్ప మాకు మరొకటి రాలేదు.

ఒంటి మీద రక్తం చుక్క లేదు. బండికి మాత్రం బ్రేకు లివరు విరిగింది, ఫుట్‌రెస్టు వంగింది, ఇంజను కవరు పగిలి ఆయిలు కారుతున్నది. బాట మీద గాక మట్టిలో కారినందున వెనుక వచ్చే వాళ్ళు జారలేదు. బాగుచేయించడానికి నలభై వేల దగ్గర పడుతుందని తేలింది.

తిరుగు దారిలో టీ కొట్టు దగ్గర మా వాడు గ్లాసు చేత్తో పట్టుకొని, "మామా, బాగేపల్లి రోడ్డులో కుక్క అడ్డమొచ్చి పడినానని రాస్తా. ఇన్సూరెన్సు వస్తుంది. చూసినానని నువ్వొక సంతకం పెట్టు, చాలు" అన్నాడు.

పాలసీ కాగితంలో వాహనం ఎందుకు వాడుకోవచ్చునో తెలిపే చోట, పందేలకూ, వేగ పరీక్షలకూ వాడితే వర్తించదని వున్నది. చదువరులు తమ యింటి పిల్లల కాగితాలు తీసి చూడవచ్చును. మేము ఆ మాట చెప్పగానే వాడు, "ట్రాక్ డే పందెం కాదని నువ్వే గదా నాయనకు చెప్తివి!" అని అందుకొన్నాడు. మాకు వెంటనే జవాబు తోచలేదు. పైగా నలభై వేలు. ఆ యేడు టొమాటో ధర చూస్తే బావ దగ్గర నలభై వందలు వున్నవో లేవో. సంతకం పెడితే పోయేదేమున్నదని, టీ చల్లారే దాకా నిజంగానే అనుకొన్నాము.

"పందెం కాదన్నది నిజమే, అప్పా. కుక్క నిజం కాదు" అన్నాము చివరికి. వాడు ముళబాగిలు దాకా మాతో మాట్లాడలేదు.

జరిగినది జరిగినట్లే వ్రాసి కంపెనీవారిని అడిగినాము. రాదని జవాబు వచ్చింది. నచ్చజెప్పిన పాపానికి సగం మేము వేసుకొన్నాము. మిగతా సగం సంగతి వాడే పోయి వాళ్ళ నాయనకు చెప్పినాడు. బావ ఒక్క మాటా అనలేదట. మరునాడు మొదలు తెల్లవారుజామున నాలుగు గంటలకు లేపి, మార్కెట్టుకు పోయే బుట్టలు ఎత్తిస్తున్నాడు.

బండి యిప్పుడు మా పెరట్లో, గోనెపట్టా క్రింద వున్నది. ఇంజను కవరు యింకా రాలేదు. మొన్న ఆదివారం వాడు వచ్చి, గోడకున్న మేకుకు రెండు కొత్త లివర్లు తగిలించి పోయినాడు. ఒకటి చాలదా అంటే, "రెండోది నీ పేరుమీద మామా" అన్నాడు.