అద్దె చూసి ఊరు ఎంచుకుంటే...

కంపెనీ ట్రాన్స్‌ఫర్ లెటర్ చేతిలో పెట్టిన రోజున మనవాళ్లు అడిగే మొదటి మాట, "అక్కడ అద్దెలు ఎట్లున్నాయన్నా?" అనే. దుబాయ్ నుంచి అబుదాబికి గానీ, అబుదాబి నుంచి రాస్ అల్ ఖైమాకు గానీ మారేవాళ్లు చాలామంది అద్దె దగ్గర మొదలుపెట్టి అద్దె దగ్గరే ఆగిపోతున్నారు. సైట్ల వెంట తిరుగుతూ ఏళ్లు గడిపిన మాలాంటి వాళ్లం గట్టిగా చెప్పగలిగేది ఒకటుంది. యూఏఈలో ఊరు మారేటప్పుడు ఇంటి అద్దెనూ, ఆ ఇంటి నుంచి పనికి పోయే దారినీ ఒకే కాగితం మీద రాసి లెక్క కట్టాలి. అట్లా కడితే చవక అనుకున్న ఊరు చాలాసార్లు ఖరీదైనదిగా తేలుతుంది.

షార్జా సంగతే చూద్దాం. దుబాయ్‌లో ఉద్యోగం, షార్జాలో కాపురం అన్నది మనవాళ్లకు పాత అలవాటు. రోలా, అబూ షగారా, అల్ నహ్దా వీధుల్లో తెలుగు మాట వినపడని సాయంత్రం ఉండదు. దానికి కారణాలూ ఉన్నాయి. అద్దె దుబాయ్ కంటే తక్కువ. అక్కడ మద్యం నిషేధం కాబట్టి షార్జాలోనే ఉందామని పట్టుబట్టే ఇల్లాళ్లు కూడా మాకు తెలుసు, వాళ్ల కారణం వాళ్లది! పైగా 2024లో వచ్చిన షార్జా అద్దె చట్టం ప్రకారం, ఒప్పందం మొదలైన నాటి నుంచి మూడేళ్ల దాకా మనం ఒప్పుకుంటే తప్ప ఓనరు అద్దె పెంచడానికి వీల్లేదు. దుబాయ్‌లో ఆ వెసులుబాటు లేదు. మనం కట్టే అద్దె మార్కెట్ రేటు కంటే ఎంత తక్కువగా ఉందో చూసి, 90 రోజుల ముందు నోటీసిచ్చి, 5 నుంచి 20 శాతం దాకా పెంచుకోవచ్చని 2013 నాటి ఉత్తర్వు చెబుతోంది. కాబట్టి ఆఫీసు ఒకేచోట ఉండేవాళ్లకు, అదీ షార్జా సరిహద్దుకు దగ్గరగా ఉండేవాళ్లకు, షార్జా ఇప్పటికీ మంచి బేరమే.

ఇక దారి. దుబాయ్‌లో సాలిక్ 2007లో మొదలైనప్పుడు గేటుకు 4 దిర్హాములు. 2025 జనవరి 31 నుంచి పొద్దున 6 నుంచి 10 దాకా, సాయంత్రం 4 నుంచి 8 దాకా 6 దిర్హాములు చేశారు. మనం రోడ్డెక్కే వేళలు సరిగ్గా అవే. అల్ ఇత్తిహాద్ రోడ్డు మీద అల్ మమ్జర్ గేటు ఒక్కటే పోను రాను దాటితే రోజుకు 12, నెలకు 26 రోజుల పనికి 312 దిర్హాములు. సైటు జెబెల్ అలీ వైపు ఉండి షేక్ జాయెద్ రోడ్డు మీదుగా పోతే, ఒక్కో వైపు నాలుగు గేట్లు అనుకున్నా నెలకు 1,248. అందులో పెట్రోలు లేదు, కారు కిస్తీ లేదు. రాత్రి ఒంటిగంట నుంచి తెల్లవారి 6 దాకా సాలిక్ పడదు గనక, ఆరులోపు గేటు దాటెయ్యాలని నాలుగున్నరకే లేచేవాళ్లున్నారు. ఎమిరేట్స్ రోడ్డు మీద గేట్లు లేవు నిజమే, కానీ ఆ చుట్టు తిరుగుడు, ఆ లారీల వరస తెలిసినవాళ్లకు మేం వివరించనక్కరలేదు.

కంపెనీ బస్సులో పోయేవాళ్లకు సాలిక్ బాధ లేదంటారు. డబ్బు పోదు, పొద్దు పోతుంది. పోను రెండు గంటలు, రాను రెండు గంటలు. నెలకు 104 గంటలు, అంటే నాలుగు రోజులకు పైగా రాత్రీ పగలూ బస్సులోనే. దానికి ఏ కంపెనీ ఓటీ కట్టిస్తుంది? జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు వరకు ఎండలో పని నిషేధం. మంచి నియమమే. అయితే ఆ రోజుల్లో చాలా సైట్లలో షిఫ్టు తెల్లవారుజాముకు జరుగుతుంది, దూరాన ఉన్నవాడి నిద్ర అంతమేరకు తరుగుతుంది. నిద్ర చాలని సూపర్‌వైజరు సైటులో తనకొక్కడికే ప్రమాదం కాదు, అతని మాట మీద స్కాఫోల్డింగ్ ఎక్కే పాతికమందికీ ప్రమాదమే. ఇంటి దగ్గర చూస్తే, పిల్లలు లేచేసరికి నాన్న ఉండడు, నాన్న వచ్చేసరికి పిల్లలు పడుకుని ఉంటారు. అంత ఖర్చు పెట్టి కుటుంబాన్ని తెచ్చుకున్నది ఆదివారం ఒక్కరోజు చూసుకోవడానికా?

నిర్మాణ రంగంలో ఉన్నవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. బ్యాంకువాడి ఆఫీసు కదలదు, మన సైటు కదులుతుంది. ఏడాదిన్నరో రెండేళ్లో గడిచేసరికి మరో మూల. అల్ మక్తూమ్ విమానాశ్రయాన్ని 128 బిలియన్ దిర్హాములతో విస్తరిస్తామని 2024 ఏప్రిల్‌లో ప్రకటించారు, అది దుబాయ్‌కి దక్షిణపు కొస. మెట్రో బ్లూ లైన్ 30 కిలోమీటర్లు, 2029 సెప్టెంబర్ 9న తెరవాలని లక్ష్యం, అది ఇంటర్నేషనల్ సిటీ, మిర్దిఫ్ వైపు. ఉత్తరాన రాస్ అల్ ఖైమాలో అల్ మర్జాన్ ద్వీపం మీద 2027లో తెరవాలనుకుంటున్న పెద్ద రిసార్టు. ఈ మూడింటికీ మధ్య దూరం వంద కిలోమీటర్లకు పైమాటే. ఇవాళ్టి సైటు చూసి ఇల్లు తీసుకుంటే రేపటి సైటు ఎటు పోతుందో! అందుకే మా అభిప్రాయం, ఊరి పేరు కంటే రోడ్డు పేరు చూడండి. సాలిక్ గేటు లేని షేక్ మహ్మద్ బిన్ జాయెద్ రోడ్డుకు దగ్గరగా ఉన్న మువైలా, ఇంటర్నేషనల్ సిటీ, దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్ పార్క్ లాంటి చోట్ల అద్దె కాస్త ఎక్కువైనా సరే, సైటు మారినప్పుడల్లా ఇల్లు మార్చే పని తప్పుతుంది.

ఇల్లు మార్చడమంటే మాటలా! దుబాయ్‌లో మామూలుగా ఏడాది అద్దెలో 5 శాతం డిపాజిట్, ఏజెంటుకు మరో 5 శాతం. అద్దెలో 5 శాతం హౌసింగ్ ఫీజు పన్నెండు వాయిదాలుగా దేవా బిల్లులో కలిసి వస్తుంది. మొదటి బిల్లు చూసి కరెంటు ఇంతా అని గుండె బాదుకునేవాళ్లు చాలామంది. ఏసీ చల్లదనానికి వేరే బిల్లు ఉందా, అద్దెలోనే కలిసిందా అన్నది ముందే అడగాలి, ఎండాకాలంలో ఆ తేడా చిన్నది కాదు. అద్దెకు ముందస్తు చెక్కులివ్వాలి. 2022 జనవరి నుంచి ఖాతాలో డబ్బుల్లేక చెక్కు తిరిగొస్తే చాలావరకు క్రిమినల్ కేసు కాకుండా పోయిన మాట వాస్తవమే. అలాగని ఖల్లివల్లీ అనుకోవద్దు, కోర్టు అమలుకు పోతే ప్రయాణ నిషేధం దాకా వస్తుంది. అమ్మ ఒంట్లో బాగాలేదని ఊరి నుంచి ఫోన్ వచ్చిన రోజున ఎయిర్‌పోర్టులో ఆగిపోవడం ఎవరికీ వద్దు.

ఇదంతా ఎందుకని పార్టిషన్ గదిలోకో, బెడ్‌స్పేస్‌లోకో చేరేవాళ్లున్నారు. 2025 జూన్‌లో దుబాయ్ మున్సిపాలిటీ అల్ రిగ్గా, మురక్కబాత్, బర్షా, సత్వా, రఫ్ఫా ప్రాంతాల్లో అనుమతి లేని పార్టిషన్ల మీద తనిఖీలు మొదలుపెట్టాక ఎంతమంది పెట్టెలు సర్దుకోవాల్సి వచ్చిందో మన రూముల్లో వాళ్లనే అడగండి. ప్లైవుడ్ గోడల మధ్య నిప్పంటుకుంటే బయటపడే దారి ఉండదు, సైటు మీద సేఫ్టీ చెప్పే మనకు ఆ సంగతి తెలియనిది కాదు. ఇంకో మాట. భార్యాపిల్లల వీసాకు 4,000 జీతం, లేదా 3,000 జీతంతో పాటు వసతి చూపించాలి, దానితో రిజిస్టరైన అద్దె ఒప్పందం కావాలి. దుబాయ్‌లో ఈజారీ, అబుదాబిలో తౌథీఖ్. ఒప్పందం ఇంకొకరి పేరు మీద ఉన్న గదిలో ఎన్నాళ్లున్నా ఆ కాగితం రాదు.

అబుదాబికి ట్రాన్స్‌ఫరై, పిల్లల బడి మారదని కుటుంబాన్ని షార్జాలోనే ఉంచి తాను ముసఫ్ఫాలో గది తీసుకునేవాళ్లు చాలామంది. రెండు అద్దెలు, రెండు పొయ్యిలు, వారానికోసారి మూడు ఎమిరేట్ల మీదుగా ప్రయాణం. పెరిగిన జీతం అక్కడే కరిగిపోతుంది. ట్రాన్స్‌ఫర్ ఒప్పుకునే ముందే సైటు ఎక్కడ, ఎన్ని నెలలు అన్నది లెటర్‌లో రాయమని అడగాలి. హెచ్‌ఆర్ వాళ్లు విసుక్కున్నా సరే.

ఇల్లు చూడ్డానికి పోతే ఏజెంటు చూపించే హాలు, కిచెన్ సరే, బేస్‌మెంటులోకి దిగండి. 2024 ఏప్రిల్ 16 వానకు షార్జాలో పల్లపు వీధులు రోజుల తరబడి నీళ్లలోనే ఉన్నాయి. గోడ మీద నీటి చార ఎంత ఎత్తున ఉందో, కొత్త రంగు కింది భాగానికే ఎందుకు వేశారో కట్టడం పని తెలిసిన మన కంటికి ఇట్టే పట్టుబడుతుంది. బిల్డింగు నాతూర్‌ను పలకరించండి, లిఫ్టు ఎన్నిసార్లు ఆగుతుందో అతను చెబుతాడు, ఏజెంటు చెప్పడు. పొద్దున ఆరింటికి ఒకసారి ఆ ఇంటి నుంచి సైటుదాకా వెళ్లి చూడండి, శుక్రవారం మధ్యాహ్నం ఖాళీ రోడ్డు మీద కాదు. పిల్లలున్నవాళ్లు మార్చిలోపు ఈ పని ముగించుకోవాలి, ఇక్కడి ఇండియన్ స్కూళ్లు ఏప్రిల్‌లో మొదలవుతాయి. సీటు దొరికిందని తేలాకే ఇంటి చెక్కులు రాయండి.